కూల్చమని రాయబోయిన బురుజు

2019 వానాకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరుగా ఆఫీసు పెట్టి పన్నెండేళ్లయింది. అపార్టుమెంట్లు తప్ప వేరే ధ్యాస లేని నాకు, బడంగ్‌పేట్ దాటాక ఒక ఊళ్లో ఉన్న పాత గడిని పరీక్షించే పని వచ్చింది. గడి అంటే దొరల కోట లాంటి ఇల్లు. ఇల్లు ఎప్పుడో కూలిపోయి, మూలనున్న బురుజు ఒక్కటే మిగిలింది. కింద వెడల్పుగా మొదలై పైకి పోనుపోను సన్నబడే గుండ్రటి రాతి కట్టడం, గోడల్లో తుపాకీ రంధ్రాలు, లోపల మెలి తిరిగిన మెట్లు. పై నుంచి సగం దాకా పగులు. ఎవరి మీదైనా పడుతుందేమోనని అధికారుల భయం. ఉంచాలో కూల్చాలో నా రిపోర్టే తేల్చాలి.

పగులుకు అడ్డంగా టెల్‌టేల్ అతికించాను. అంటే సన్నని గాజు పట్టీ. గోడ కదిలితే అది పగులుతుంది. ఎనిమిదో రోజుకే పగిలింది. ఇంకేముంది, కూల్చాలని రాయడానికి అక్కడే కూర్చున్నాను.

మాకు పరంజా కట్టిన ఎల్లయ్య మేస్త్రికి డెబ్బై ఏళ్లుంటాయి. ఉండేది కర్మన్‌ఘాట్‌లో, పుట్టింది ఆ గడి ఉన్న ఊళ్లోనే. నా చేతిలోని గాజు ముక్క చూసి దగ్గరికొచ్చాడు.

"గిది ఏడ అతికిచ్చినవ్ బిడ్డా?"

"గోడకే."

"గోడకు కాదు, ఎన్కసిరి రిపేరని మీదికెళ్లి పూసిన సిమెంటుకు. డంగు సున్నం గోడ మీద సిమెంటు నిలుస్తదా? వాన పడితే ఊడి జరుగుతది. దానితోని నీ గాజు పలిగింది."

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నది నేనా, ఆయనా? "దొర గడి మీద నీకెందుకంత ప్రేమ?" అని దురుసుగానే అన్నాను.

"గడి దొరదే. గీ రాళ్లు మోసింది మా తాత, వెట్టిల. జర సిమెంటు గీకిచ్చి చూడు, గంతే అడుగుతున్న."

గీకించాను. లోపల రాళ్లు నిన్న కట్టినంత గట్టిగా ఉన్నాయి. పగులు సిమెంటుదే. సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను.

ఈసారి కొత్త గాజును రాళ్ల మీదే అతికించాను. ఎల్బీ నగర్ రోడ్లు చెరువులైన రోజుల్లో కూడా వెళ్లి చూశాను. ఒక్క గీత పడలేదు. వానలు తగ్గాక ఎల్లయ్య సిమెంటంతా వలిచేసి, సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి పూశాడు.

బురుజు భద్రమని రాసిన రిపోర్టులో ఇంజనీరు సంతకానికే చోటుంది. పక్కన నేనే ఇంకో గీత గీసి, ఎల్లయ్యకు పెన్నిచ్చాను. కట్టినవాళ్ల కంటే గోడ గురించి నాకే ఎక్కువ తెలుసనుకోవడం ఆ రోజుతో మానేశాను. నా పనిలో నేను గర్వంగా చూపించుకునే కాగితం ఇప్పటికీ అదే.

ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. తన పేరు కాదు, వాళ్ల తాత పేరు.