భూతద్దం బావా, కోడలి ఫోనూ

మా బావని వీధిలో అందరూ భూతద్దం అంటారు, ఎదురుగా తప్ప. ఆయన పెళ్లి వీడియోలు తీసి ఎడిట్ చేస్తాడు. అదే కొట్లో ముందు భాగంలో నేను ఫొటోలకి ఫ్రేములు కడతాను. కరెంటు పోతే మా బావ బయటికొచ్చి, వీధంతా పోయిందని తేలాక కూడా, ముందు ఎవరికి పోయిందని ఆరా తీస్తాడు. ఆర్డరిచ్చి వెళ్లిన మనిషి ఎదురు స్టూడియో మెట్లు ఎక్కుతున్నాడేమోనని మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తాడు. మా అక్క బతికుండగా, "మీ బావకి నా మీద తప్ప అందరి మీదా అనుమానమేరా" అని నవ్వేది. ఆవిడ పోయాక ఆ ఒక్క మినహాయింపూ లేకుండా పోయింది.

ఆయన కంప్యూటర్ ముసలిదైపోయింది. ఒక పాట అతికించేలోపు రెండుసార్లు బిగుసుకుపోతుంది. పనులు ఆలస్యమై, మంచి పార్టీలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. అలాంటప్పుడు మా అక్క కోడలు, తనకిస్తే ఫోన్లో చేసిపెడతానంది. పెళ్లికి ముందు నుంచీ ఆ అమ్మాయి తెలిసినవాళ్లకి చిన్న చిన్న వీడియోలు అలాగే చేసిచ్చేది. బావ నవ్వేశాడు. తర్వాత, పోతే పోయిందనుకున్న చిన్న పని ఒకటి ఇచ్చాడు. చెప్పిన రోజుకే తెచ్చింది. తప్పు దొరుకుతుందేమోనని పెద్ద తెర మీద ఆపి ఆపి చూశాడు. దొరకలేదు. దాంతో ఆయనకి నిద్ర పట్టడం మానేసింది.

పిట్ట కొంచెం కూత ఘనం అన్నాన్నేను. పిట్ట సంగతి సరే, వెనక నుంచి కూస్తున్నదెవరో చూడమన్నాడు.

మేం భోజనానికి వెళ్లినప్పుడు కోడలు వచ్చి మా కంప్యూటర్ మీదే పని చేసుకుపోతోందని ఆయన మొదటి అనుమానం. తిరిగి రాగానే, పిల్లవాడికి జ్వరమొచ్చిందేమోనని చూసినట్టు దాని వీపు మీద అరచెయ్యి వేసేవాడు. ఒకరోజు వెచ్చగా తగిలింది. అక్కడ ఎండ పడుతుంది బావా అని కిటికీ చూపించాను. కిటికీ వైపు కాదు, నా వైపు చూశాడు. నాకూ ఇందులో భాగముందని ఆ క్షణంలో ఖాయం చేసుకున్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. ఆ పూట నాకు ఒళ్లు మండి, ఫ్రేము మేకు బదులు నా వేలు కొట్టుకున్నాను.

రెండో అనుమానం పెద్దది. ఫోన్లో ఇంత పని జరగదు కాబట్టి, కోడలు బయట ఎవరికో ఇచ్చి చేయిస్తోంది, మనల్ని నమ్మిన వాళ్ల పెళ్లిళ్లు పరాయివాళ్ల చేతుల్లో పడుతున్నాయి. ఈ మాట అన్నం దగ్గర అనేశాడు. కోడలు ఏడవలేదు. చెయ్యి కడుక్కుని లేచిపోయి, మర్నాడు పొద్దున్నే కొట్టుకి వచ్చింది.

"మీ ఎదురుగానే చేస్తాను మావయ్యా. అయితే ఇకనుంచి ఈ పని నాదే. చెయ్యలేకపోతే మళ్లీ నోరెత్తను, ఫోన్ పక్కన పడేస్తాను."

బావ కావాలనే కష్టమైన పెళ్లి ఇచ్చాడు. ఒక కెమెరాలో అందరూ కామెర్ల రోగుల్లా ఉన్నారు, ఇంకో కెమెరాలో చలికి నీలంగా మారినట్టున్నారు. మాటల నిండా గాలి హోరు. తను చెయ్యలేక పక్కన పెట్టుకున్నది అది. పైగా ఫోన్ తీసుకుని నెట్ తన చేత్తోనే ఆపేశాడు, బయటివాళ్లు సాయపడకుండా.

నిజం చెప్పాలంటే నాకూ నమ్మకం లేదు. ఆ అమ్మాయి బొటనవేలు పెడితే సగం పెళ్లి దాని కిందే పోతోంది. ప్రతి ముఖాన్నీ పెద్దది చేసుకుని, కళ్లు చూసుకుని, మళ్లీ చిన్నది చేసుకుని కోస్తోంది. ఛార్జర్ పెట్టాక ఫోన్ బాగా వేడెక్కి తెర మసకబారింది. వెనక తొడుగు ఊడదీసి, చల్లని గచ్చు మీద పెట్టి, తనూ కింద కూర్చుని కాసేపు ఆగింది. మా కంప్యూటర్ ఏనాడూ ఇంత వేడెక్కలేదన్నాడు బావ. ఏనాడు ఇంత పని చేసింది గనక అన్నాన్నేను.

అంతా అయ్యి సేవ్ చెయ్యబోతే, ఫోన్లో చోటు లేదంది. బావ వెనక్కి వాలి, పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాడు. చేత్తో పట్టుకునేదాంట్లో ఎంత పడుతుందమ్మా అన్నాడు. నాకు ఆ నవ్వు అస్సలు నచ్చలేదు.

కోడలు ఫోన్లో పైకీ కిందికీ వెతికింది. ఒకచోట ఆగి, ఆలోచించి, ఏదో చెరిపింది. చెరిపినవి చేరే చెత్తబుట్టని కూడా ఖాళీ చేసి మళ్లీ నొక్కింది. ఈసారి వీడియో వచ్చింది.

పెద్ద తెర మీద వేశాం. పచ్చా లేదు, నీలమూ లేదు, మనుషులు మనుషుల్లా ఉన్నారు. పెళ్లికొడుకు తండ్రి గొంతు స్పష్టంగా వినిపించింది. బావ చివరిదాకా చూశాడు. బాగుంది అంటాడని ఎదురు చూశాను.

"ఏం చెరిపావు?" అన్నాడు.

కస్టమర్ల సరుకు కాదు, తనదేనంది కోడలు. అంత పెద్దది నీదేముంటుందన్నాడు బావ.

"మా పెళ్లి వీడియో మావయ్యా. అంతకన్నా పెద్దది ఫోన్లో లేదు. అసలుది మీ దగ్గరుంటుందిగా, అందుకే తీసేశాను."

బావ తెర వదిలి నా వైపు తిరిగాడు. సంగతి నాకు అర్థమైంది. పెళ్లివాళ్లు పెన్‌డ్రైవ్ తీసుకెళ్లాక కొన్నాళ్లాగి, కొత్త పెళ్లికి చోటు కోసం పాతది చెరిపెయ్యడం మా కొట్టు అలవాటు. ఇంటి పెళ్లికి పెన్‌డ్రైవ్ ఎందుకని చెయ్యలేదు. కోడలి మొగుడు, అంటే మా మేనల్లుడి కాపీ అతని పాత ఫోన్‌తో పోయింది. మొన్న సీజన్లో పనులు మీద పడినప్పుడు బావ కంప్యూటర్లో ఉన్నదాన్నీ చెరిపేశాడు. కోడలి ఫోన్లో ఉందిగా అని నాతోనే అన్నాడు. జన్మలో ఒక్కసారి ఫోన్‌ని నమ్మిన మనిషి.

ఊళ్లో వాళ్లందర్నీ తీసిన మేం మా అక్కని వీడియో తీసింది ఆ ఒక్క పెళ్లిలోనే. అందులో ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని, "నన్నెందుకు తీస్తున్నారు, పెళ్లికూతుర్ని తియ్యండి" అంటూ నవ్వుతుంది. ఫొటోలున్నాయి, నేనే ఫ్రేములు కట్టాను. ఆ నవ్వు, ఆ గొంతు మాత్రం ఇంకెక్కడా లేవు.

"అత్తయ్య ఉన్న ముక్క ఒకసారి పెట్టండి మావయ్యా," అని కోడలు స్టూల్ దగ్గరికి జరుపుకుంది. "చూసి చాలా రోజులైంది."

బావ మౌస్ పట్టుకున్నాడు. ఒక ఫోల్డర్ తెరిచాడు, మూశాడు. ఇంకోటి తెరిచాడు. ఆ అమ్మాయికి ఏ అనుమానమూ రాలేదు, తెర వైపే చూస్తూ కూర్చుంది.

చివరికి మౌస్ వదిలేసి, "నేనూ చెరిపేశానమ్మా," అన్నాడు. "నీ దగ్గర ఉందని."

కోడలు, లేదని తెలిసి కూడా, ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టింది. బావ కుర్చీ దిగి ఆమె స్టూల్ పక్కన గచ్చు మీద కూర్చున్నాడు.

"దాంట్లో దొరుకుతుందంటావా అమ్మా?" అన్నాడు.