నర్సింలు సార్ నోట్‌బుక్‌లో నేను గీయని ఎర్ర గీత

నిన్న పొద్దున ఫస్ట్ పీరియడ్‌కి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. రాజవ్వమ్మ, సార్ భార్య.

"సార్ పోయిండు బిడ్డా."

అంతే అంది. చేతిలో అటెండెన్స్ రిజిస్టర్‌తో కామారెడ్డిలో మా స్కూల్ వరండా మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఈ ఫోన్ వస్తుందని వారం నుంచి తెలుసు. అయినా వచ్చాక నమ్మబుద్ధి కాలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. నర్సింలు సార్ ఎల్లారెడ్డి బస్టాండ్ వెనుక ఒక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి ఇంగ్లీష్ ట్యూషన్ చెప్పారు. గల్ఫ్ వెళ్లేవాళ్లు, డిగ్రీలో ఇంగ్లీష్ తప్పినవాళ్లు, అమ్మ పక్కన కూర్చొని బీడీలు చుట్టే నాలాంటి ఆడపిల్లలు. అందరం ఒకే బెంచీ మీద. నేనివాళ ఇంగ్లీష్ టీచర్‌ని అంటే ఆయన పుణ్యమే.

ఆయన వదలకుండా చెప్పే పాఠం ఒకటుంది. ఐ ఎక్కడ, మి ఎక్కడ. హి ఎక్కడ, హిమ్ ఎక్కడ.

"తెలుగుల 'నన్ను' అన్న మాట యాడ పెట్టినా నడుస్తది. ఇంగ్లీష్‌ల నడువది. చేసినోడు ముందట ఉండాలె, పడ్డోడు ఎన్కకు ఉండాలె. గది తప్పితే బతుకే ఉల్టా అయితది."

మేం నవ్వేవాళ్లం. గ్రామర్ తప్పితే బతుకు ఉల్టా ఎందుకవుతుందని.

మా బెంచీ మీదే చదివి గల్ఫ్ వెళ్లిన నాగిరెడ్డిపేట లింగం అన్న విషయంలో అర్థమైంది.

వెళ్లిన రెండో ఏడు ఆయన్ని అక్కడి సూపర్‌వైజర్ రాడ్‌తో కొట్టాడు. జరిగింది రాసివ్వమని క్యాంప్ ఆఫీసులో అడిగారు. లింగం అన్న సొంతంగా రాసి, ఫోటో తీసి సార్‌కి పంపాడు. నేనప్పుడు షెడ్డులోనే ఉన్నాను. సార్ టిఫిన్ డబ్బా విప్పుతున్నారు.

ఫోటో చూశారు. మూత పట్టుకున్న చేయి అలాగే ఆగిపోయింది.

కాగితం మీద 'మి హిట్ హి' అని ఉంది.

లింగం అన్న మనసులో ఉన్నది 'నన్ను కొట్టిండు వాడు'. మాటకు మాట పేర్చుకుంటూ పోయాడు. చదివేవాళ్లకు మాత్రం ఆయనే సూపర్‌వైజర్‌ని కొట్టి ఒప్పుకున్నట్టుంది. కింద సంతకం కూడా ఉంది.

సార్ ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్లీ చేశారు. ఐదోసారికి ఎత్తాడు.

"లింగం, ఇచ్చినవా కాగితం?"

"లైన్ల నిలబడ్డ సార్. నా ముందట ఇద్దరున్నరు."

"బయటికి రా. అది చింపెయ్. హి హిట్ మి అని రాయి. మూడే మాటలు. రాసి మళ్ల నాకు చూపియ్యి."

లింగం అన్న క్షేమంగా ఇంటికొచ్చాడు. ఆ ఫోటో చూసిన రోజు మాత్రం సార్ అన్నం ముట్టలేదు.

అలాంటి మనిషి.

ఈ ఎండాకాలం ఒక ఆదివారం షెడ్డుకి వెళ్లాను. సార్ బోర్డు మీద 'హిమ్ ఈజ్ మై ఫ్రెండ్' అని రాశారు. క్లాసంతా గొల్లున నవ్వింది.

"దొరకబట్టిండ్రా? శభాష్!" అన్నారు సార్. కావాలనే రాశారనుకున్నారు అందరూ.

నేను ముందు బెంచీలో ఉన్నాను. ఆ తప్పును ఆయన మొదటిసారి చూసినప్పటి మొహం నాకు కనిపించింది. వేరే ఎవరో వచ్చి రాసిపోయినట్టు చూశారు.

తర్వాత ఒక వాట్సాప్ మెసేజ్. 'మి యామ్ కమింగ్ టు కామారెడ్డి. వెయిట్ ఫర్ ఐ.'

తొందరలో టైప్ చేశారనుకున్నాను. అలా అనుకోవడమే నాకు తేలికగా ఉండింది.

వచ్చారు. బస్టాండ్ పక్క హోటల్లో చాయ్ చెప్పి, సంచిలోంచి నోట్‌బుక్ తీశారు. పిల్లల కోసం సొంతంగా రాస్తున్న గ్రామర్ పుస్తకం. దాంతోపాటు ఒక ఎర్ర పెన్ను.

"తప్పుంటే గీయి బిడ్డా. మొహమాటపడకు."

మొదటి పేజీ బాగుంది. రెండో పేజీలో రూల్ కరెక్ట్‌గానే ఉంది, కింద ఉదాహరణలన్నీ తారుమారు. మూడో పేజీ తిప్పాను.

ఐ, మి, ఐ, మి, ఐ, మి. పై నుంచి కింది దాకా అదే. ఒక్కో గీత పేజీ చిరిగేంత గట్టిగా ఉంది.

నాకు ఏబీసీడీలు దిద్దించిన మనిషి ఎదురుగా కూర్చున్నారు. ఆయన రాతను నేను ఎర్ర పెన్నుతో ఎలా గీయను?

"బాగుంది సార్" అన్నాను.

"నిజంగనా?"

"నిజమే సార్."

"ఈ మధ్య మాటలు చేతిలకొచ్చేసరికి జాగలు మార్చుకుంటున్నయి బిడ్డా" అన్నారు మెల్లగా.

"నిద్ర సరిగ్గా లేకనేమో సార్."

తలూపి నోట్‌బుక్ సంచిలో పెట్టుకున్నారు. చాయ్ అలాగే చల్లారిపోయింది.

మూడు వారాలకు సార్ క్లాసులోనే పడిపోయారు. హైదరాబాద్ తీసుకెళ్తే తలలో గడ్డ ఉందన్నారు. "మాటలో, రాతలో తేడా ఎప్పుడు గమనించారు?" అని డాక్టర్ అడిగాడు. నేను రాజవ్వమ్మ పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ముందే తీసుకొస్తే ఏమయ్యేదో చెప్పలేమన్నాడు ఆయన. ఆ 'చెప్పలేం' నన్ను వదలడం లేదు.

నిన్న అంతా అయిపోయి జనం వెళ్లాక రాజవ్వమ్మ కాళ్ల దగ్గర కూర్చొని నోట్‌బుక్ సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

నా తల మీద చేయి పెట్టింది.

"నాకు సుత చూపిచ్చిండు బిడ్డా ఆ బుక్కు. తప్పులున్నయా చూడమన్నడు. ముప్పై ఏండ్ల సంసారంల ఏనాడు అడగలె. నాకు చదువు రాదని ఆయనకు ఎరుకే గదా. నేను సుత బాగుందనే అన్న."



సార్, మీరు భయపడి మా దగ్గరికి వచ్చారు. మేం మిమ్మల్ని ఒంటరిగా పంపించాం. క్షమించండి.

పోయి రండి సార్. మీ తలలో జాగలు మార్చుకునే ఆ మాటల రొద ఆగిపోయి, నిమ్మళంగా, హాయిగా పడుకోండి.