నాయన పిల్లంగోవి

కొత్త గుడ్డ తాను మడత విప్పినప్పుడు వచ్చే గంజి వాసన ఇప్పటికీ నన్ను కాసేపు నిలబెడుతుంది. మొన్న హైదరాబాదులో ఒక దుకాణంలో మనవరాలి పరికిణీకి గుడ్డ చూపిస్తూ అక్కడి అమ్మాయి తానును బల్లమీద దొర్లించింది. ఆ వాసన తగలగానే అడగవలసిన ధర అడగడం మరిచిపోయాను. ఆళ్ళగడ్డలో మా నాయన గుడ్డలంగడి గుర్తుకొచ్చింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను ఆళ్ళగడ్డ బడిలో రెండో తరగతో మూడో తరగతో చదువుతున్నాను. ఎండాకాలంలో మధ్యాహ్నం భోజనాలయ్యాక, పల్లెల నుంచి వచ్చే రైతులు పొద్దు వాలేదాకా రారు గనుక, నాయన అంగడి తలుపులు సగం మూసి, తానుల వెనక నుంచి పాత పంచెగుడ్డలో చుట్టిన పిల్లంగోవి తీసేవాడు. దానికి అప్పుడప్పుడు నువ్వులనూనె పట్టించేవాడు కాబట్టి మా అంగట్లో గంజి వాసనా నూనె వాసనా కలిసి ఉండేవి. ఆయన చిన్నప్పుడు నంద్యాలలో మేనమామ అంగట్లో పని నేర్చుకుంటూ, ఎదురింట్లో ఉండే ఒక ముసలి విద్వాంసుని దగ్గర కూర్చుని వాయించడం నేర్చుకున్నాడట. నేనూ మా చెల్లెలూ చాపమీద అచ్చనగాయలు ఆడుతూ వినేవాళ్ళం. విన్నామని కూడా అనలేను. ఇంట్లో అవ్వ వత్తులు చేస్తూ గొణుక్కునే మాటలు ఎట్లాగో, అమ్మ తిరగలి చప్పుడు ఎట్లాగో, అదీ అట్లాగే ఉండేది. మా బజార్లో శెట్లు చాలామంది ఉండేవాళ్ళు. మా నాయనను గుర్తు పట్టడానికి పిల్లంగోవి శెట్టి అనేవాళ్ళు.

శనివారం దీపాలు పెట్టే వేళకు రామాలయంలో భజన. పాడేది ఓబుల్‌రెడ్డి. పక్క పల్లెలో మంచి సేద్యం ఉన్న మనిషి, నల్లరేగడి మట్టి మడమల పగుళ్ళలో అట్లాగే ఉండగా బండి దిగి నేరుగా గుడికి వచ్చేవాడు. ఆయన ఒక చరణం పాడి ఆపితే, ఆ చరణాన్ని నాయన పిల్లంగోవి మీద తిరిగి చెప్పేవాడు. అప్పటిదాకా మిగతావాళ్ళు తాళాలు మెల్లగా వేస్తూ ఆగేవాళ్ళు. ఎవరు పెట్టారో ఏమో, మా ఊరి భజనలో అదే పద్ధతి. నాయన ఏ రోజైనా తొందరగా ముగిస్తే ఓబుల్‌రెడ్డి ఊరుకునేవాడు కాదు.

"ఏందప్పా శెట్టీ, ఊపిరి గూడా తూకమేసి వదుల్తాండావా?"

"నువ్వు పాట కురచ చేసినావు రెడ్డీ. నేను యాడ్నుంచి గుడ్డ తెచ్చి అతుకు పెట్టేది?"

అందరూ నవ్వేవాళ్ళు. మేము మాత్రం చివర్లో పెట్టే అలసంద గుగ్గిళ్ళ కోసం, పుట్నాలు కలిపిన బొరుగుల కోసం కూర్చునేవాళ్ళం.

ఒక ఏడు మాఘమాసంలో నాయన సరుకు కోసం నంద్యాల వెళ్ళి, తెల్లవారుజాము బస్సులో కిటికీ పక్కన కూర్చుని తిరిగి వచ్చాడు. మరునాడు పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్ళు మూతి ఎడమ మూల నుంచి కారిపోయాయి. నాయనకు మమ్మల్ని నవ్వించడానికి మూతి వంకరలు తిప్పే అలవాటుంది. అందుకని నేనూ చెల్లెలూ నవ్వాం. అమ్మ కూడా చూసి, "పొద్దున్నే ఏందీ వేషాలు? అంగడి తెరిచే పొద్దాయ" అంది. నాయన జవాబు చెప్పబోయాడు, మాట సరిగా రాలేదు. అప్పుడు అమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది.

నంద్యాల డాక్టరు, చల్లగాలి తగిలి నరం దెబ్బతిందని, చాలామందికి దానంతట అదే సర్దుకుంటుందని, కొందరికి కొంచెం మిగిలిపోతుందని చెప్పాడు. ఆ చివరి మాట నాయన మనసులో నాటుకుంది. మా వైపు మూతి వంకరపోతే పావురం రక్తం పూసేవాళ్ళు. ఓబుల్‌రెడ్డి వాళ్ళ ఊరి పాడుబావిలో పావురాలు గూళ్ళు పెట్టేవి, ఒకటి పట్టిస్తానన్నాడు. మా ఇంట్లో కోడిగుడ్డు పెంకు కూడా వాకిలి దాటి రాదు. అవ్వ వత్తులు పక్కకు నెట్టి లేచింది.

"చీమను తొక్కితే చెంపలేసుకునే ఇంట్లో ఇదేం పని రా? మొగోనికి మూతి వంకరుంటే ఏమైతాది?"

"మూతి వంకరుంటే ఉండనీలేమ్మా," అన్నాడు నాయన, మాటలు కూడదీసుకుంటూ. "ఊదేదెట్ల?"

అవ్వ మళ్ళీ వత్తుల ముందు కూర్చుంది. నాయన ఓబుల్‌రెడ్డి పశువుల కొట్టానికి పోయి పూయించుకుని, అక్కడే బావి దగ్గర తలస్నానం చేసి వచ్చాడు. అయినా అవ్వ వాకిట్లో ఇంకో కడవ నీళ్ళు పెట్టించింది. ఆ రోజు ఆయన అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచాడు. అట్లా ఇంకా కొన్నిసార్లు పోయాడు. పోయివచ్చిన ప్రతిసారీ ఆకలి లేదనేవాడు.

ఉగాది నాటికి ముఖం చక్కబడింది. ఊరంతా పావురం మహిమ అన్నారు. అమ్మ అహోబిలం మొక్కు తీర్చింది, భక్ష్యాలు చేసి బజారంతా పంచింది. ఆ శనివారం గుళ్ళో ఓబుల్‌రెడ్డి మంచి ఉత్సాహంగా చరణం పాడి, నాయన వైపు తిరిగి ఆపాడు. నాయన పిల్లంగోవి ఎత్తి ఊదాడు. ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదాడు. ఎవరో "చాన్నాళ్ళైంది గదా" అన్నారు. చూసేవాళ్ళకు ముఖంలో ఏ తేడా లేదు. కానీ పెదవుల్ని బిగబట్టినప్పుడు ఎడమ మూల మాత్రం నిలవదు, గాలి అక్కడి నుంచి జారిపోతుంది. ఆ మూలను వేలితో అదిమి పట్టుకుందామంటే రంధ్రాలు మూయడానికి ఆ వేలు కావాలి.

ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం నాయన నన్ను దగ్గరికి పిలిచి, నా చూపుడువేలు తన మూతి మూల మీద పెట్టించుకున్నాడు. "ఈడ అదిమి పట్టుకో పాపా. కదలొద్దు" అన్నాడు. వేలి కింద గడ్డం గరుకుగా ఉంది. ఊదాడు. స్వరం వచ్చింది. మొదట వణికి, తర్వాత నిలిచింది. ఆయన ఒక చరణం సగం దాకా వాయించాడు. ఊదేటప్పుడు ఆయన ఎడమకన్ను తనంతట తాను మూసుకుని, అందులోంచి నీళ్ళు కారేవి.

"ఏడుస్తాండావా నాయనా?"

"లేదు పాపా. అది దానంతకదే."

ఆ సెలవులంతా మధ్యాహ్నం చెల్లెలు నిద్రపోయాక మేమిద్దరం అదే పని చేశాం. నా చెయ్యి తిమ్మిరెక్కేది. నేను చెప్పేదాన్ని కాదు. ఆటలకు ఎవరు పిలిచినా పోలేదు. నా వేలితో నాయనకు పాట తిరిగి వస్తుందని గట్టిగా నమ్మాను. శనివారం గుళ్ళో కూడా పక్కన కూర్చుని పట్టుకుంటానని అడిగాను.

"అంతమంది ముందర బిడ్డ వేలు మూతి మీద పెట్టుకోని ఊదాల్నా?" అన్నాడు నాయన. కోపంగా కాదు. "నీ వేలు తీస్తే పోయేది నాది ఎట్లైతాది పాపా" అన్నాడు. పిల్లంగోవికి గుడ్డ చుట్టాడు. ఆ తర్వాత నన్ను పిలవలేదు. నేను రోజూ వెళ్ళి చాపమీద కూర్చున్నాను. ఆయన లెక్కలు చూసుకునేవాడు.

భజనకు మాత్రం మానలేదు. తన చోట్లోనే కూర్చునేవాడు, ఒడిలో ఏమీ ఉండేది కాదు. ఓబుల్‌రెడ్డి పాత పద్ధతి ప్రకారమే చరణం పాడి ఆగేవాడు. తాళాలు మెల్లగా మోగేవి. ఆ ఖాళీలో ఎవరూ పాడేవాళ్ళు కాదు, దగ్గేవాళ్ళు కూడా కాదు. నాయనకు ఇవ్వవలసిన సమయమంతా ఇచ్చి, ఓబుల్‌రెడ్డి మళ్ళీ పాట ఎత్తుకునేవాడు. అది మర్యాద అని వాళ్ళ ఉద్దేశం. నాయన తల వంచుకుని ఆ ఖాళీ అయ్యేదాకా నేల చూసేవాడు. ప్రతి చరణానికీ అంతే. ఏడాది పైన అట్లాగే జరిగింది.

చివరికి ఒక శనివారం, ఓబుల్‌రెడ్డి ఆగగానే, నాయన తల ఎత్తాడు.

"ఆపొద్దు రెడ్డీ. పాడుకుంటా పో."

"నీ కోసరమే కదప్పా శెట్టీ."

"నా కోసరమే చెప్తాండా."

ఓబుల్‌రెడ్డి తల పక్కకు తిప్పుకున్నాడు. తాళాలు పట్టుకున్నవాళ్ళలో ఒకాయన ఎత్తుకున్నాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. తర్వాత నంద్యాల నుంచి ఒక హార్మోనియం తెప్పించారు. కొత్తగా వచ్చిన బడి పంతులు వాయించేవాడు. పాట ఎక్కడా ఆగకుండా సాగేది. నాయన తాళం వేసేవాడు. బాగా వేసేవాడు కూడా.

అట్లా ఆయన ఇంకా చాలా ఏళ్ళు బతికాడు. ఎవరికి మూతి వంకరపోయినా మా అంగడికి తీసుకొచ్చి నాయన ముఖం చూపించేవాళ్ళు. "సూడు, శెట్టికి ఎంత సక్కగైందో" అనేవాళ్ళు. నాయన వాళ్ళకు ధైర్యం చెప్పి, మంచినీళ్ళిచ్చి పంపేవాడు. ఊదే సంగతి ఏనాడూ ఎత్తలేదు. పెళ్ళయ్యాక మా ఆయనకు నేను చెప్పేదాకా తెలియదు. చెప్పినా, ఏదో సరదాకు వాయించేవారు కాబోలు అనుకున్నారు.

పోయిన ఏడు ఒక పెళ్ళికి ఆళ్ళగడ్డ వెళ్ళాను. అంగడి ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. రామాలయం గోడకు స్పీకరు కట్టారు, భజన అందులోంచే వస్తుంది, కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు. బయట అరుగు మీద నాకన్నా పెద్దాయన ఒకరు ఎండ కాచుకుంటూ, నేను చాలాసేపు నిలబడి ఉండటం చూసి, "యాడోళ్ళమ్మా మీరు?" అని అడిగారు. ఈ బజార్లో గుడ్డలంగడి శెట్టి కూతుర్నని చెప్పాను.

"యా శెట్టి? పావురాల శెట్టి కూతురా!" ఆయన ముఖం విచ్చుకుంది. "మీ నాయన మూతి సక్కగైంది మా ఊరి బాయిలో పావురంతోనేనమ్మా. నేనే దిగి పట్టుకొచ్చినా."

"ఔను, నయమైంది" అన్నాను.

కూర్చోమని ఆయన అరుగు మీద చోటిచ్చారు. కూర్చున్నాను. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు.