విరిగిన కాలి మీద అసూయ

ఈ మాట పదేళ్ళుగా నా గుండెల్లో బరువుగా ఉంది. ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు. ముందు మీకే చెబుతున్నాను.

నిజాం పాలన పోయిన కొన్నేళ్ళకు, తాండూరు దగ్గర బండల గనిలో సాయిలు, నేను పక్కపక్కనే పనిచేసేవాళ్ళం. ఒకరోజు బండ జారి అతని కాలి మీద పడింది. ఎముక విరిగింది. నయమయ్యేదాకా పదిహేను రోజులకోసారి సగం కూలి ఇవ్వాలని చట్టం ఉందట. యజమాని ఇవ్వసాగాడు.

అంతకు రెండేళ్ళ ముందు నా ఎడమచేతి వేళ్ళు రెండు నలిగాయి. గుడ్డ చుట్టుకుని మూడోనాడే పనికి వచ్చాను. చట్టం సంగతి నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను ఎండలో సుత్తి కొడుతుంటే సాయిలు మంచం మీద కూర్చునేవాడు. భార్య ఎల్లమ్మ దగ్గరుండి అన్నం పెట్టేది. విరిగిన కాలిని చూసి ఎవరైనా అసూయపడతారా? నేను పడ్డాను. నా వేళ్ళకు లేని విలువ అతని కాలికి ఎందుకని పనిలోనూ తిండి దగ్గరా రగిలిపోయాను.

నాలుగు నెలలకు యజమాని కాలు బాగైందని కూలి ఆపేశాడు. తగాదా వికారాబాదులో కూలీల కేసులు చూసే ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు చీటీ సరిగా లేదు, చూసినవాళ్ళ మాట కావాలన్నారు. కదలలేని సాయిలు తన సాక్షిగా నన్నే పంపాడు. ఎల్లమ్మ నాతో రైల్లో వచ్చి బయట వరండాలో కూర్చుంది.

"అతను నడవగలడా?" అని అడిగాడు ఆఫీసరు.

"నడుస్తుండు సార్. బిందెతోని నీళ్ళు గూడ మోస్తుండు" అన్నాను.

యజమాని నన్ను కొనలేదు, బెదిరించలేదు. ఆ మాట నాదే.

కేసు పోయింది. ఆ సాయంత్రం సాయిలుతో ఏమన్నాను?

"మస్తు చెప్పిన సాయిలూ. ఆఫీసర్ ఇనలే."

"ఫికర్ జెయ్యకన్నా. నా కోసం గంత దూరం పోయినవ్, గదే చాలు."

వారం తిరక్కుండా ఆ కాలితోనే గనికి వచ్చాడు. ఎముక వంకరగా అతుక్కుంది. మళ్ళీ ఎప్పుడూ సరిగా నడవలేదు. మొదటిరోజు కుంటుతూ వస్తుంటే జాలిపడ్డానని రాయాలని ఉంది. పడలేదు. లోపల హాయిగా అనిపించింది. జాలి తరువాత వచ్చింది, ఎవరికీ పనికిరానంత ఆలస్యంగా.

పోయినేడు సాయిలు చనిపోయాడు. చివరిదాకా నన్ను అన్నా అనే పిలిచాడు. ఎల్లమ్మకు చెప్పే ధైర్యం నాకు లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీదీ కాదు. ఆఫీసరు ముందు నిలబడిన ఆ రోజు దాకా, కాలు విరిగిన సాయిలు ఒక్క అడుగు వేయడం కూడా నేను చూడలేదు. చూశానని చెప్పింది నేనే. ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.