నాయన ఊదని సన్నాయి

శ్రావణమాసం, శుక్రవారం, పొద్దున తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు. అప్పటికి నాకు గడియారం చూడటం కూడా రాదు. అయినా నిమిషంతో సహా చెప్పగలను. అది ఉరవకొండలో శెట్టి కూతురి పెళ్లి ముహూర్తం.

మాది సన్నాయి వాయించే సాయిబుల ఇల్లు. శెట్టి ఇంట ఏ పెళ్లయినా మా నాయనదే సన్నాయి, నాది డోలు. ఆ ఏడాది గుడారం టాకీసులో ఒక సన్నాయి విద్వాంసుడి జీవితకథ ఆడింది. సినిమా పేరు అడగొద్దు, అప్పుడు నాకు అక్షరాలు రావు. హీరో మాత్రం మనిషే మారిపోయాడు. అంతకుముందు సినిమాలో కత్తి తిప్పినవాడు ఇందులో బక్కచిక్కి, కళ్లు మూసుకుని, తల ఊపుతూ, చెంపల మీద నీళ్లు కారుతుండగా వాయించాడు. జనం ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నాయన ఏడవలేదు.

"సన్నాయి పీక నోట్లోనే లేదు కదరా వానికి," అన్నాడు.

శెట్టి ఆ సినిమా నాలుగుసార్లు చూసి మా ఇంటికొచ్చాడు.

"సాయిబూ, పెండ్లిలో సినిమాలో ఆయప్ప మాదిరి వాయించల్ల."

"ఆయప్ప వాయించలేదు శెట్టీ. యెనక యెవురో వాయించినారు."

"నా కండ్లతో చూసినా కదప్పా. పీక పెదాలకు తగలకుండా పలికించినాడు. అదే విద్య. నీకు రాదంటే చెప్పు, కళ్యాణదుర్గం మేళాన్ని పిలిపిస్తా."

శెట్టి ఇంటి మేళం పోతే బజారులోని మిగతా ఇళ్లూ పోతాయి. ముప్పై ఏళ్లు ఊదిన మనిషికి ఊదడం రాదన్న పేరు మిగులుతుంది. నాయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

అమ్మే దారి చెప్పింది. "ఆయప్పకు యెనక మనిషి ఉంటే నీకు ఉండకూడదా? పామిడిలో మా తమ్ముడు ఖాళీగానే ఉండాడు."

మామ కూడా సన్నాయి విద్వాంసుడే. పెళ్లి రోజు పందిరి వెనక చెనక్కాయల గదిలో, మూటల మధ్య ఆయన్ను కూర్చోబెట్టాం. నాయన వారం రోజులు అద్దం ముందు తల ఊపి ఊపి మెడ పట్టేయించుకున్నాడు. కన్నీళ్లకు ఎర్రగడ్డ రసం రాసుకున్నాడు. సినిమాలో డోలువాడూ కళ్లు మూసుకున్నాడని శెట్టి అంటే నేనూ మూసుకున్నాను.

అందరం ఒక్కటి మరిచాం. అయ్యవారి నోట మంత్రం ఆగకూడదు గనక తాళి వేళకు ఆయన వేలెత్తుతాడు. ఆ వేలు చూసి మేం గట్టిమేళం అందుకోవాలి. తాళి కడుతుండగా తుమ్ము, దగ్గు ఎవరి చెవినా పడకూడదని ఆ మోత.

అయ్యవారు వేలెత్తాడు. మేం చూడలేదు. సరిగ్గా అప్పుడే మామకు చెనక్కాయల దుమ్ము గొంతుకు అడ్డం పడి ఊదడం ఆపేశాడు. సన్నాయి ఆగడంతో నేనూ డోలు ఆపి కళ్లు తెరిచాను. పందిరంతా నిశ్శబ్దం. నాయన తల ఊగుతూనే ఉంది, వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. ముందు వరుసలో ఒక ముసలమ్మ ఏడుస్తూనే ఉంది.

"హా..." అని పెళ్లికొడుకు అవ్వ తుమ్ముకు నోరు తెరిచింది.

నాయన కళ్లు తెరిచాడు. పీక నోట్లో పెట్టి బుగ్గలు పగిలేలా ఊదాడు. నేను డోలు అందుకున్నాను. తుమ్ము సగం దగ్గరే మునిగిపోయింది. లోపల మామ తేరుకుని తనూ గట్టిమేళం ఎత్తుకున్నాడు.

తాళి పడింది. శెట్టి లేచి వచ్చాడు. నాయన పీక నోట్లోంచి తీశాడు.

"ఒక్క సన్నాయిలో రెండు గొంతులు పలికించినావు కదప్పా," అన్నాడు శెట్టి. "ఆయప్పకు కూడా రాలేదు ఇది. ఇంకమీద మా ఇంట్లో ఇట్లే వాయించల్ల."

మామ పామిడి నుంచి మా ఇంటికి మకాం మార్చేశాడు.

సినిమాలో పేర్లు వేసినట్టు చెబితే, ఆ రోజు పందిట్లో ఉన్నవాళ్లు: శెట్టి, శెట్టమ్మ, పెళ్లికూతురు, పెళ్లికొడుకు, అతని అమ్మానాయనలు, సగం తుమ్మిన అవ్వ, అయ్యవారు, ఏడ్చిన ముసలమ్మ, బజారు వర్తకులు, మా నాయన, నేను. చెనక్కాయల గదిలో మా మామ.