నలుగురికి మించకూడదన్నారు

గుణదలలో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని ఉండగా, లోపల మా మనవరాలు పరీక్షకు బిగ్గరగా చదువుకోవడం వినపడింది. పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లాండులో ఎపిస్కోపల్ శాఖ క్రైస్తవులు, ఇంట్లోవాళ్లు కాక నలుగురికి మించి ఒకచోట చేరి ఆరాధన చేసుకోకూడదని చట్టం ఉండేదట. ఆ శతాబ్దం చివరికి గాని వాళ్లకు ఊరట దొరకలేదట, అదీ రాజుగారి క్షేమం కోసం ఆయన పేరు చెప్పి ప్రార్థిస్తామని ఒప్పుకున్నాకే. పిల్లకు అదొక ప్రశ్న, అంతే. నాకు మాత్రం ఒళ్లు మండింది, ఎందుకంటే సరిగ్గా ఆ లెక్కే మా మామ్మకూ పెట్టారు.

దివిసీమ వైపు మా ఊళ్లో అప్పటికి చర్చి లేదు. శుక్రవారం సాయంత్రాలు మావాళ్లు పొలాల నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, ఇంట్లో చేరి పాటలు పాడుకునేవారు. ఆ పాటలు ఎవరికి కంటగింపయ్యాయో గాని, బయటివాళ్లు నలుగురికి మించి ఆ ఇంట్లో చేరితే ఊరుకోమని ఊరి పెద్దలు చాటింపు వేయించారు. కొన్నాళ్లు ఆపేద్దామన్నారు నాన్నగారు. మామ్మ ఒప్పుకుంటేగా! మా ఇంట్లో నలుగురినే కూర్చోబెట్టింది. పక్కింటి దర్జీ సాయిబుగారు తన అరుగు మీద ఇంకో నలుగురికి చాప పరిచారు. ఎదురింట్లో, రామభజన తప్ప ఎరగని మామ్మ స్నేహితురాలు తన వసారాలో నలుగురికి చోటిచ్చింది. అలా వీధి చివరిదాకా ఇంటికి నలుగురు. మామ్మ పాట ఎత్తుకోగానే వీధి వీధంతా అందుకుంది. పెద్దలు పరుగున వచ్చారు.

"లెక్కెట్టుకోండయ్యా, నా ఇంట్లో నలుగురే ఉన్నారు" అంది మామ్మ.

గొడవ పై అధికారి దాకా పోయింది. ఇంట్లో ప్రార్థనకు చట్టం అడ్డు చెప్పదని ఆయన తేల్చేసరికి పెద్దలు మెత్తబడ్డారు గాని, వారం వారం ముందుగా తమతో ఒక మాట చెప్పి చేసుకోమన్నారు. "దేవుడితో మాట్టాడ్డానికి మిమ్మల్నడగాలా?" అని, మామ్మ వాళ్ల ఎదుటే మళ్లీ పాట అందుకుంది. ఆమెది బొంగురు గొంతు, అయినా అంత అందమైన పాట నేను మళ్లీ వినలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో మావాళ్లకు పెద్ద చర్చి ఉంది, మైకులున్నాయి, అడిగేవాడు లేడు. మొన్న రంజాన్ నెలలో, మా అపార్ట్‌మెంటు పై అంతస్తులోని ముస్లిం కుటుంబం ఇంటికి నమాజు కోసం బయటివాళ్లు రాకూడదని కమిటీ తీర్మానిస్తే, నేను నా హాల్లో సోఫాలు గోడవారకు జరిపి వాళ్లందరినీ రమ్మన్నాను. "మనకెందుకండీ ఇవన్నీ" అని నాకు నచ్చజెప్పడానికి వచ్చినవాళ్లు మా చర్చివాళ్లే. ఆ రోజుల్లో మా వీధిలో ఆ మాట ఒక్కరూ అనలేదు. ఇప్పుడు మావాళ్లే అంటున్నారు, అదే నా దిగులు. సోఫాలు మాత్రం ఇంకా గోడవారనే ఉన్నాయి, అక్కడే ఉంటాయి.