వినిఫ్రెడ్ అనుమానం

నవంబరు వచ్చిందంటే మసాచుసెట్స్‌లోని ఆ మ్యూజియం పల్లెలో పందొమ్మిదో శతాబ్దపు థాంక్స్‌గివింగ్ కోతల పండుగను ఆడి చూపిస్తారు. అందులో రైతు ఇల్లాలి వేషం వినిఫ్రెడ్‌ది. నార గౌను సర్దుకుని పొయ్యి ముందు కూర్చుంటుంది గానీ, కళ్ళు మాత్రం తోటి వేషగాళ్ళ మీదే. ఎవరి మణికట్టు మీద వాచీ మచ్చ ఉందో, ఎవరి జుట్టు షాంపూ వాసన కొడుతోందో ఆమెకు తెలియాలి. ఈసారి కొత్తగా చేరిన కొరిన్, గుమ్మడి గుజ్జు నింపిన తీపి రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. వినిఫ్రెడ్ దాన్నెత్తి అడుగు చూసింది. ఇటుక పొయ్యిలో కాలితే ఒక పక్కయినా మాడాలి. ఇదెక్కడా మాడలేదు.

"ఇంట్లో కరెంటు పొయ్యిలో కాల్చి తెచ్చావు కదూ?"

"లేదండీ, ఇక్కడే. మధ్యమధ్యలో తిప్పుతూ కాల్చాను."

"ఏదీ, చెయ్యి చూపించు."

ఆ పొయ్యి వేడి తెలియాలంటే లోపల చెయ్యి పెట్టి ఓర్చుకోవాలి. అలా పెట్టిన చేతికి నూగు మిగలదు. కొరిన్ కుడిచెయ్యి నున్నగా ఉంది.

"రెండోది కూడా చూపించు. గొరుక్కొచ్చావేమో."

ఎడమచేతి మీద బంగారు నూగు మెరిసింది. వినిఫ్రెడ్ నూగు లేని తన కుడిచేత్తో రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలింది.

"బాగానే ఉంది," అంది చివరికి. "గుజ్జు డబ్బాలోది కాదు కదా?"